నాట్యం మధ్యలో నాయన పెట్టిన చీర

ఆ నాట్యం నాకు అర్థం కాలేదు. ఆ మాట ఒప్పుకుని ఊరుకుని ఉంటే సరిపోయేది. పక్కవాళ్ళు అడిగారు, నేను గొప్పగా వివరించాను. మదనపల్లెలో ఒక బళ్ళో సోషల్ చెప్పే టీచర్ని, వివరించడం నాకు ఊపిరి పీల్చుకున్నంత అలవాటు. బడి పిల్లలకు ఒక మాట తప్పు చెప్పినా పెద్ద నష్టం లేదు, పరీక్ష రాసి మరిచిపోతారు. ఆ రోజు నా మాట నమ్మినవాడు మా నాయన.

నాయనకు పుంగనూరులో బట్టలంగడి ఉండేది. చిన్న అంగడే. నేల మీద తెల్ల దుప్పటి పరిచిన పరుపు, గోడకు ఆనించిన దిండ్లు, మూడు వైపులా చెక్క బీరువాలు. చుట్టుపక్కల పల్లెల్లో పెళ్ళి కుదిరితే బట్టలకు ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆయన ఓపిక అలాంటిది. నలభై చీరలు విప్పించుకుని ఒక్కటీ కొనకుండా లేచినా "మళ్ళీ రాండమ్మా" అనేవాడు. గిరాకీ ఒక చీరను పక్కకు తోసేస్తే ఎందుకు నచ్చలేదని అడగడు, మళ్ళీ దాన్ని ఎత్తి చూపించడు, అదే మడతలో మడిచి లోపల పెట్టేస్తాడు. ఇంట్లో మాత్రం ఆ ఓపిక కనిపించేది కాదు. అంగట్లో మింగుకున్న కోపమంతా మూటగట్టి ఇంటికి తెస్తాడని అమ్మ దెప్పేది.

మేమిద్దరం ఆడపిల్లలం. నాకూ చెల్లికీ ఎనిమిదేళ్ళ తేడా. నాకు చదువు, దానికి నాట్యం అని నాయనే పంచేశాడు. మదనపల్లె నుంచి వారానికి రెండుసార్లు బస్సులో ఒక పంతులమ్మ వచ్చి దానికి భరతనాట్యం నేర్పేది. నాట్యం బట్టలకు పట్టు ఆయనే ఏరేవాడు, దర్జీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఆయనే కుట్టించేవాడు. బడి వార్షికోత్సవంలో అది ఆడుతుంటే అందరూ దాని కాళ్ళు చూసేవాళ్ళు. నాయన మాత్రం ముందు కట్టిన కుచ్చిళ్ళు సరిగ్గా విచ్చుకుంటున్నాయా లేదా అని చూసేవాడు. అయిపోయాక "కుచ్చిళ్ళు బాగా నిలిచినాయి" అనేవాడు. అది ఆయన మెచ్చుకోలు. చెల్లి కూడా దాన్ని అలాగే తీసుకునేది.

అది డిగ్రీకి బెంగళూరు పోయింది. రెండో ఏడు గజ్జెలు విప్పేసి, ఆధునిక నాట్యం చేసే ఒక బృందంలో చేరింది. నగలు లేవు, పాట లేదు, కథ లేదు. నడుస్తారు, పడతారు, లేస్తారు, ఊరికే నిలబడతారు. ఇంట్లో ఎవరికీ ఆ సంగతి చెప్పలేదు. ఒక ఇంగ్లీషు పేపర్లో ఫోటో పడింది. నల్ల బనియను, నల్ల పైజామా వేసుకుని నేల మీద వెల్లకిలా పడుకున్న పిల్ల. మొహం మా పిల్లదే. ఆ పేపరు తెచ్చి నాయనకు చూపించింది అంగడికి వచ్చిన ఒక గిరాకీ.

తర్వాతి వారం అది సెలవులకు వచ్చింది. బస్సు దిగి ఎప్పటిలాగే నేరుగా అంగడికి పోయింది. నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను. లోపల ఒక పెళ్ళివారి గుంపు కూర్చుని ఉంది. వాళ్ళ ముందరే నాయన మొదలుపెట్టాడు.

"బట్టలంగడోని బిడ్డకు గుడ్డ కరువాయనా? కట్టుకునేదానికి మీ అంగట్లో ఏం దొరకలేదా అని ఊరంతా నన్ను అడగతాండారు."

చెల్లి సంచి కూడా కింద పెట్టలేదు. "నీ అంగట్లో గుడ్డ నాకొద్దు నాయనా. ఇంక పంపించొద్దు," అంది.

మళ్ళీ బస్టాండుకు నడిచింది. నేను వెనకాల పరిగెత్తాను గానీ అది ఆగలేదు. నాయన పెళ్ళివారికి చీరలు చూపిస్తూనే ఉన్నాడు.

మూడేళ్ళు ఇద్దరికీ మాటల్లేవు. ఏటా ఉగాదికి దానికి పోయే బట్టల పార్శిలు ఆగిపోయింది. అది ఫోన్ చేసినప్పుడు నాయన ఎత్తితే పెట్టేసేది. అమ్మ గుడికి పోతున్నానని చెప్పి ఎస్టీడీ బూతుకు పోయి దానితో మాట్లాడి వచ్చేది. నాయనకు తెలుసు. గుడి నుంచి వచ్చిన అమ్మను "బాగుండాదంటనా?" అని అడిగేవాడు. ఎవరు అని ఆయన అనడు, అమ్మా అనదు. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండేది. ఇద్దరిదీ ఒకే పంతం, ఒకే మూతి విరుపు. నలుగురి ముందూ అన్నందుకు నాయన లోపల ఎంత కుమిలిపోతున్నాడో అమ్మ చెప్తే గానీ నాకు తెలియలేదు.

తొంభైల చివర్లో ఒక శనివారం చెల్లి మా బడికి ఫోన్ చేసింది. మదనపల్లెలో కళలంటే ఇష్టం ఉన్న కొందరు కలిసి వాళ్ళ బృందాన్ని పిలిచారట. రేపు కాక పై ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు, ఒక కల్యాణ మండపంలో.

"నాయనను తీసుకురాక్కా," అంది. "నేను కట్టిన నాట్యం ఒకటుండాది. అంతా నేనే చేసుకున్నా. ఆయన చూడాల."

"వస్తే తెస్తా. ఏముంటుంది అందులో?"

"నేను కండ్లు మూసుకోని మధ్యలో నిలబడుకోనుంటా. వీళ్ళు ఒకరెనక ఒకరు వచ్చి..."

ఇంతలో బెల్లు కొట్టారు. హెడ్‌మిస్ట్రెస్ గది ఫోను అది, ఆవిడ నా వైపే చూస్తోంది. "వచ్చి చూస్తాంలే, నువ్వు పెట్టెయ్," అన్నాను. పెట్టేసింది. ఆ బెల్లు ఒక్క నిమిషం ఆలస్యంగా కొట్టి ఉంటే అని నేను అనుకోని రోజు లేదు. బెల్లు మీద తోసేయడం కూడా నా బుద్ధే. ఆ నిమిషం నేను నిలబడి వినొచ్చు, ఆవిడేమీ నన్ను కొరికి తినదు.

మర్నాడు పుంగనూరు పోయి నాయనకు చెప్పాను. రవిక గుడ్డ కొలుస్తున్నవాడు తలెత్తలేదు. "ఆదివారం అంగడి ఎవురు సూస్తారు?" అన్నాడు. రాడు అనుకుని వెనక్కి వచ్చేశాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకే మా ఇంటి ముందు ఆటో ఆగింది. అమ్మ, నాయన, నాయన స్నేహితుడు నూనె అంగడి మామ దిగారు. నాయన గంజి పెట్టిన పంచె కట్టుకుని, పెళ్ళికి వెళ్ళేవాడిలా క్షవరం చేయించుకుని వచ్చాడు. అమ్మ చేతిలో చెల్లికి ఇష్టమని చేసిన తీపి ఓళిగల డబ్బా. నాయన చంకలో ఒక గుడ్డ సంచి, దాన్ని ఎవరికీ ఇవ్వలేదు.

అన్నం తిన్నాక ఆయనే దాన్ని విప్పాడు. బూడిద రంగు నూలు చీర. జరీ లేదు, బుటా లేదు, వేలెడంత నల్ల అంచు. పెళ్ళిచీరల మధ్య బతికినవాడు, ఇలాంటివాటిని సన్యాసుల గుడ్డలని వెక్కిరించేవాడు. ఇది అంగట్లోది కాదని చూడగానే తెలిసింది. ఆ వారంలోనే ఎక్కడో చెప్పి నేయించి తెప్పించాడు.

"పాప ఇప్పుడు ఇట్లాంటివే గదా కట్టుకునేది," అన్నాడు నా మొహం చూడకుండా.

చాలా బాగుంది నాయనా అని మాత్రం అన్నాను.

మామ వక్క కొరుకుతూ అడిగాడు. "యాడ పెడ్తావప్పా చీర? ఆట నడిచేటప్పుడా, అయినాకనా?"

"ఆటలోనే పెట్టాల. నలుగురి ముందర అంటి గదా ఆ మాట, నలుగురి ముందరే పెట్టాల."

మా వైపు ఎండాకాలంలో పల్లెపల్లెకూ వీధి నాటకాలు ఆడతారు. వేషం కట్టినవాళ్ళకు చుట్టాలూ స్నేహితులూ ఆట మధ్యలోనే వేదిక ఎక్కి కొత్త బట్టలు పెడతారు. రాజు యుద్ధానికి పోతూ ఆగిపోతాడు. భుజం మీద పంచెలచాపు పడుతుంది, రాజు దండం పెడతాడు, హార్మోనియం ఒక ముక్క వాయిస్తారు, మళ్ళీ యుద్ధం. అందులో ఎవరికీ తప్పు తోచదు. ఆట ముగిశాక పెడితే అది చాటుగా పెట్టినట్టు, మర్యాద తక్కువ. నాయన ఏటా కనీసం నాలుగు ఊళ్ళలో వేదిక ఎక్కేవాడు. ఆయనకు తెలిసిన సన్మానం అదొక్కటే. అది ఒక మనిషిని అందరి ముందూ "వీడు మావాడు" అని చెప్పుకోవడం.

నాకు కొంచెం భయం వేసింది. ఇది ఆ రకం ఆట కాదని తెలుసు. చెల్లిని ఒక మాట అడగాలనుకున్నాను. నాయనతో మాత్రం, "నువ్వు తొందరపడొద్దు. ఎప్పుడు పోవాల్నో నేను చెప్తా," అన్నాను.

"సరే, నువ్వు చెప్పినప్పుడే లేస్తా," అన్నాడు. చదువుకున్న కూతురు కదా.

కల్యాణ మండపంలో మొన్నటి పెళ్ళి తాలూకు ప్లాస్టిక్ పూలు ఇంకా వేలాడుతున్నాయి. వాటి మీద నుంచే నల్లగుడ్డ కట్టారు. వేదిక నడుముకు మించి ఎత్తు లేదు, రెండు వైపులా మూడేసి మెట్లు. కాలేజీ పిల్లలు, టీచర్లు, చంటిపిల్లల తల్లులు, ఊరికే చూద్దామని వచ్చినవాళ్ళు, హాలు నిండిపోయింది. చెల్లిని చూడాలని లోపలికి వెళ్ళబోతే ఒకాయన ఆపాడు. వాళ్ళు తయారవుతున్నారు, అయిపోయాక కలవండి అన్నాడు. నేను ఇంకోసారి అడగలేదు.

మూడో వరసలో కూర్చున్నాం. నాకు ఎడమవైపు నాయన, ఆయనకు అవతల అమ్మ, మామ. కుడివైపు మా బళ్ళో లెక్కలు చెప్పే స్నేహితురాలు. మొదటి రెండు నాట్యాలు చెల్లివి కావు. పిల్లలు పరిగెత్తారు, కూలబడ్డారు, ఒకరి వీపు మీద ఒకరు వాలారు. ఎక్కడో నీళ్ళ చుక్క పడుతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

"పాట ఎప్పుడు మొదలైతాదమ్మా?" అన్నాడు మామ.

"ఇందులో పాట ఉండదు మామా."

"అట్లనా," అని ఆయన సర్దుకుని కూర్చున్నాడు. నాయన కదల్లేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష రాయడానికి వచ్చినవాడిలా నిటారుగా కూర్చున్నాడు.

స్నేహితురాలు నా చెవిలో అడిగింది, ఇదంతా ఏమిటని. నేను మొదలుపెట్టాను. ఇది మనిషి ఒంటరితనం, అది లోకం తోసేయడం. ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి విన్నారు. నాకు ఉత్సాహం వచ్చింది. మా చెల్లెలే చేస్తుంది తర్వాతది అని కూడా చెప్పుకున్నాను. అంతా నోటికి వచ్చింది చెప్పడమే. కానీ వాళ్ళు తలలూపారు, నాయనా ఒక చెవి ఇటు వేసి వింటున్నాడు. ఆయన కళ్ళలో నా మీద కొంచెం గర్వం కూడా చూశాను.

చెల్లి వచ్చింది. జుట్టు మెడ దాకా కత్తిరించేసుకుంది. అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంటే నాయన ఆవిడ చేతి మీద చెయ్యి వేసి ఊరుకోమన్నాడు. చెల్లి వేదిక మధ్యకు వచ్చి, కళ్ళు మూసుకుని, చేతులు వదిలేసి నిలబడింది. చప్పుడు లేదు. మూడేళ్ళ తర్వాత చూస్తున్నాం దాన్ని. చిక్కిపోయింది.

ఒక పిల్ల ఎర్ర పట్టుచీర తెచ్చి చెల్లి భుజం మీద వేసి వెనక్కి తప్పుకుంది. ఇంకో అబ్బాయి పచ్చది తెచ్చి వేశాడు. తర్వాత పసుపుది, ఊదాది. జరీ, బుటాలు, పెద్దపెద్ద అంచులు. చెల్లి కదల్లేదు. గుడ్డలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

"ఇదేమి?" అంది స్నేహితురాలు.

"సన్మానం," అన్నాను నేను. ఎందుకన్నానో నాకు తెలియదు. చూడగానే అలాగే తోచింది, తోచిందే తడవుగా అనేశాను. "కళాకారిణికి ఊరంతా బట్టలు పెడుతున్నారు."

నాయన నా వైపు తిరిగాడు. ఆయన మొహం విప్పారింది. ఇన్ని వింతల మధ్య చివరికి ఆయనకు తెలిసింది ఒకటి కనిపించింది. ఆరో చీర పడింది. ఆ పిల్ల కూడా తప్పుకుంది. వేదిక మీద ఇంకెవరూ రాలేదు. చెల్లి ఒక్కతే, భుజాల మీద ఆరు చీరలతో.

"ఇప్పుడా?" అన్నాడు నాయన.

నేను తలూపాను. "పో నాయనా," అన్నాను.

ఆయన లేచి, చెప్పులు కుర్చీ కింద వదిలేసి, మెట్లెక్కాడు. ఎవరూ ఆపలేదు, ఆటలో భాగమనుకున్నారు. వేదిక మీద దానికి ఎదురుగా నిలబడి ఒక్క క్షణం దాని మొహంలోకి చూశాడు. చీర విప్పి అన్నిటికన్నా పైన వేశాడు. చేత్తో సర్దాడు. చెయ్యి అలా ఉండగానే చెల్లి భుజం విదిలించింది.

అన్నీ జారాయి. ముందు జారింది నాయనదే. ఆయన పాదాల మీద పడింది. దాని మీద మిగతా ఆరూ పడ్డాయి.

అప్పుడు అర్థమైంది నాకు, అది సన్మానం కాదని. మీద పడేవన్నీ వదిలించుకోవడం గురించి అది కట్టుకున్న నాట్యం. చెల్లి అలాగే కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. నాయన వంగాడు. ఆ రంగుల గుట్టలోంచి తన చీర లాగి తీశాడు. రెండు కొసలు కలిపి, గడ్డం కింద నొక్కిపట్టి, అక్కడే అందరి ముందూ అంగట్లో మడిచే మడత మడిచాడు. నెమ్మదిగా మడిచాడు. కొందరు నవ్వారు, బాగుందని ఇంకొంచెం గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆయన అవతలి మెట్ల మీదుగా దిగి, పక్క తలుపులోంచి బయటికి పోయాడు. చెప్పులు కుర్చీ కిందే ఉన్నాయి. మామ వాటిని చేతబట్టుకుని వెనకాల పరిగెత్తాడు.

నేను లేవలేదు. స్నేహితురాలు "ఎంత బాగా చేశారే మీ నాన్నగారు" అంది.

అయిపోయాక చెల్లి ఉరుక్కుంటూ మా దగ్గరికి వచ్చింది. బృందంలో పిల్లలు చెప్పేశారు, ఎవరో పెద్దాయన ఎక్కి చీర వేశాడని. "నాయనేనా?" అంది. అమ్మ తలూపింది. అది ఉత్త కాళ్ళతో రోడ్డు మీదికి పోయింది. అప్పటికే పుంగనూరు బస్సు వెళ్ళిపోయింది, అందులో నాయనా మామా ఎక్కారని కిళ్ళీ బంకు అతను చెప్పాడు. వెనక్కి వచ్చి నన్ను అడిగింది, "ఆయన్ను ఎవురు పొమ్మనిరి?" అని.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ దాని చేతిలో ఓళిగల డబ్బా పెట్టింది. అది డబ్బా పట్టుకుని ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే అమ్మతో పాటు పుంగనూరు పోయి, ఆవిడను ఇంట్లో దింపి, నేనూ చెల్లీ అంగడికి పోయాం. అంగట్లో గిరాకీలు లేరు. నాయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. "రాండమ్మా, కూసోండి," అన్నాడు. ఆ మర్యాద విని చెల్లి గడప దగ్గరే ఆగిపోయింది.

"నాయనా, ఆ నాట్యంలో అన్నీ కింద పడాల. ఎవురు వేసినా పడాల. నేను కండ్లు తెరవకూడదు. నువ్వని నాకు తెలీదు."

"ఆట అట్లుంటే మీరేం చేస్తారమ్మా," అన్నాడు. "కాఫీ తెప్పిస్తా, కూసోండి."

"నిన్ను పైకి పొమ్మని ఎవురు చెప్పిరి?"

"ఎవురూ చెప్పలా. నాకే తోచె."

నా వైపు చూడకుండా అన్నాడు. నేను పక్కనే దిండుకు ఆనుకుని కూర్చున్నాను. నోరు విప్పడానికి అంతకు మించిన అదను లేదు. నేను బయట పోతున్న మనుషులను చూస్తూ కూర్చున్నాను.

"ఆ చీర నాకియ్యి నాయనా," అంది చెల్లి.

"అది లోపల పెట్టేస్తినమ్మా. ఇంకోటి చూపిస్తా," అని నాయన లేచాడు. కొత్తగా వచ్చినవి నాలుగు తెచ్చి పరిచాడు. అది వద్దంటే ఇంకో నాలుగు పరిచాడు. చివరికి ఏదో ఒకటి తీసుకుంది. ఆయన దాన్ని సంచిలో పెట్టి రెండు చేతులతో ఇచ్చాడు. ఆ బూడిద రంగు చీరను పది రోజుల్లో ఒక నర్సమ్మకు అమ్మేశాడని అమ్మ తర్వాత చెప్పింది.

ఆ తర్వాత వాళ్ళ మధ్య పోట్లాట లేదు. చూసేవాళ్ళకు అంతా బాగుంది. అది పండగలకు వచ్చేది, ఆయన ఫోన్ ఎత్తితే మాట్లాడేది. "బాగుండారామ్మా? అన్నం తింటిరా?" అనేవాడు. నన్ను నువ్వు అనేవాడు, అమ్మను నువ్వు అనేవాడు, దాన్ని మాత్రం మళ్ళీ ఎన్నడూ నువ్వు అనలేదు. చెల్లి ఆ నాట్యాన్ని ఆ తర్వాత ఎక్కడా చెయ్యలేదు. కొన్నాళ్ళకు బృందాన్నే వదిలేసి కుప్పంలో ఒక బళ్ళో పిల్లలకు నాట్యం, ఆటలు నేర్పే ఉద్యోగంలో చేరింది. ఎందుకే అంటే బెంగళూరు నీళ్ళు పడడం లేదంది.

రెండు వేల సంవత్సరం దాటాక, ఒక మధ్యాహ్నం నాయన అంగట్లోనే దిండుకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. చూడడానికి వచ్చిన చుట్టాలు తలా ఒక కొత్త బట్ట తెచ్చి ఆయన మీద పరిచారు, అది మాలో ఆనవాయితీ. చెల్లి తన బట్ట పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది. మామ వచ్చి "పెట్టమ్మా" అన్నాక పెట్టింది.

నాకు నిద్ర పట్టడం మానేసింది. నా పేరు బయటికి రాకుండా కాపాడి పోయాడు ఆయన. ఆయన బతికుండగా నేనొక్క మాట చెప్పి ఉంటే, తప్పు నాదని ఇద్దరినీ కూర్చోబెట్టి ఒప్పుకుని ఉంటే, వాళ్ళిద్దరూ తిట్టుకుని ఏడ్చి మళ్ళీ ఒకటయ్యేవాళ్ళు. అలాగే నమ్మాను నేను. రెండేళ్ళు దాన్ని మోసి, ఇక మొయ్యలేక ఒక ఆదివారం కుప్పం బస్సు ఎక్కాను.

చెల్లి రైలు కట్ట పక్కన ఒక చిన్న ఇంట్లో అద్దెకుండేది. బయట అరుగు మీద చాప వేసుకుని అనపకాయలు ఒలుస్తూ ఉంది. నేనూ కూర్చుని ఒలిచాను. కాసేపు దాని బడి సంగతులు, అమ్మ మోకాళ్ళ నొప్పులు మాట్లాడుకున్నాం. తర్వాత చెప్పేశాను. సన్మానమని అన్నది నేను. తల ఊపింది నేను. పో నాయనా అన్నది నేను. ఫోన్లో అది చెప్పబోతే వినకుండా పెట్టేయమన్నదీ నేనే.

అది తిడుతుందని అనుకున్నాను. తిట్టించుకోవాలనే పోయాను. అది చేతిలో కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేసి, ఇంకో కాయ తీసుకుంది.

"నాకు తెలుసక్కా, నాయన అంతట నాయన లేచేవాడు కాదని. నువ్వు కాక ఇంకెవురు చెప్తారు."

"మరి నన్ను ఇన్నాళ్ళూ అడగలేదే?"

"అడిగితే నువ్వు నన్ను అడుగుతావని."

నాకు అర్థం కాలేదు. ఏం అడుగుతానే అన్నాను.

"ఆయనేనని నాకు తెలిసింది," అంది. "చీర పడంగానే తెలిసిపోయింది. చిన్నప్పుడు కొత్త చీరలు వస్తే నన్ను నిలబెట్టి నా భుజం మీద వేసి చూసుకునేవాడు గదా. అంచు బయటికి తిప్పి, బొటనవేలితో ఇట్ల ఒకసారి నొక్కేవాడు. మా పిల్లలు ఎవురూ అట్ల నొక్కరు. ఆ వేలు పడింది."

రైలు కట్ట మీద ఏదో గూడ్సు పోతోంది. చెల్లి ఒళ్ళో పడిన తొక్కలు దులుపుకుంది.

"తెలీదని ఆయనకు చెప్తిని గదా, అది అబద్ధం. ఆయనకూ తెలుసు అబద్ధమని. ఆయన చెయ్యి నా భుజం మీదే ఉండె అక్కా. నా భుజం గట్టిపడింది ఆ చేతికి తెలీకుండా ఉంటాదా? మూడేండ్ల కోపం. అంగట్లో అందరి ముందర నన్ను అన్నాడే, అది ఒక్కసారిగా వచ్చింది నాకు."

"నాట్యమే అది. ఎట్లాగూ వదిలెయ్యాలి కదే," అన్నాను. దాన్ని ఊరడించాలని అన్నాను. నిజం చెప్తే, నా తప్పు కొంత తగ్గినట్టయి ఒక్క క్షణం నా ఒళ్ళు తేలిక పడింది కూడా. అందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

చెల్లి తల అడ్డంగా ఊపింది. ఒలవడం ఆపేసింది.

"ఆరో చీర పడినాక ఒక్కో ఊపిరికి ఒకటి లెక్కన మనసులో ఇరవై లెక్కపెట్టాల. ఇరవై అయినాకనే వదలాల. అంతసేపు ఊరికే నిలబడాల, అదే ఆ నాట్యం. ఇరవై దాకా ఆగింటే ఆయన చీర పెట్టేసి, నలుగురికీ దండం పెట్టేసి, మెట్లు దిగి మీ దగ్గరికి వచ్చేసింటాడు. వెనక పడిన చప్పుడు కూడా ఇనపడదు. పెట్టినాను, నా బిడ్డ పెట్టించుకునిందని ఇంటికి పోయింటాడు."

దాని చేతిలో సగం ఒలిచిన కాయ అలాగే ఉంది.

"ఏడో లెక్క దగ్గరే వదిలేస్తి అక్కా," అంది.